థీసిస్‌ని ఊళ్లోకి తీసుకుపోవడం ఎట్లా: నల్లగొండ, పాలమూరు పరిశోధకుల కోసం

పీహెచ్‌డీ అయిపోయింది. వైవా రోజు ఫొటోలు దిగారు, శాలువా కప్పించుకున్నారు, థీసిస్ శోధగంగలో (థీసిస్‌లు దాచే వెబ్‌సైట్) ఎక్కింది. అందులో మీరు తిరిగిన ఊళ్ల పేర్లు బోలెడుంటాయి. ఆ ఊళ్లలో మీకు గుడి తాళం తీసి చూపించినవాళ్లు, సందుగ అడుగు నుంచి పాత కాగితాలు తీసిచ్చినవాళ్లు, ఎండకు తిరుగుతున్నారని మజ్జిగ పోసినవాళ్లు ఉంటారు. మీరేం తేల్చారో వాళ్లలో ఒక్కరికైనా తెలుసా? గైడ్ చదివారు, ఎగ్జామినర్లు చదివారు (చదివారనే అనుకుందాం), అక్కడితో అయిపోయింది. ఇంకోపక్క ఆ ఊరి వాట్సాప్ గ్రూపులో "మన గుడి ఐదు వేల ఏళ్ల నాటిది" అనే మెసేజ్ నెలకోసారి తిరుగుతూనే ఉంటుంది. దాన్ని మనం ఆపలేం. దాని పక్కన మన మాట కూడా తిరగాలంటే ఏం చేయాలో, నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు వైపు ఏది నడుస్తుందో, ఏది నడవదో రాస్తున్నా. నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో ఉన్న స్కాలర్లకి, డిగ్రీ కాలేజీ లెక్చరర్లకి పనికొస్తుందని ఆశ.

ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకోకండి. మునగాలలో దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టిందే చరిత్ర, సైన్సు పుస్తకాలు మామూలు పాఠకులకు తెలుగులో అందాలని. 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక నడిపారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తర్వాత ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసేటప్పుడు రాజుల వంశవృక్షాలు పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏ ఆటలాడారు అని కావ్యాల్లోంచి, సామెతల్లోంచి ఏరి చూపించారు. తెలుగుకి తొలి సాహిత్య అకాడమీ అవార్డు 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. వలిగొండ బి.ఎన్. శాస్త్రి ఊరూరా తిరిగి శాసనాలు పట్టుకొచ్చి, మూసీ అనే పత్రిక పెట్టి అచ్చేశారు. వీళ్ల రాతల్లో ఒకటి గమనించండి, సంగతి చెప్పి ఊరుకోరు, ఆ పద్యమో ఆ శాసనమో తెచ్చి పాఠకుడి ముందు పెడతారు.

నా సలహా కూడా మొత్తం అదే. మీకేం తెలుసో చెప్పి దిగిపోకండి, అది మీకెట్లా తెలిసిందో చూపించండి. ఐదు వేల ఏళ్ల మెసేజ్‌కీ మీ థీసిస్‌కీ ఉన్న తేడా అక్కడే ఉంది. ఆ ఆధారం చూపించకపోతే వినేవాళ్లకి అదొక మాట, ఇదొక మాట, పైగా వాళ్లది వినడానికి ఇంకా బాగుంటుంది.

మొదట చేయకూడని పని ఒకటి. సెమినార్ హాల్లో మీటింగ్ పెట్టి, గేటు దగ్గర "అందరూ ఆహ్వానితులే" అని ఫ్లెక్సీ కట్టడం. ఎవరూ రారు. హాజరు కోసం కూర్చోబెట్టిన పిల్లలు, వేదిక మీద పదిమంది, దండలు, సన్మానాలు, ఆఖరికి మీకు మిగిలేది పావుగంట. ఆ ఖర్చుతో మీ థీసిస్‌లో ఉన్న ఊళ్లు అన్నీ ఒక చుట్టు చుట్టి రావచ్చు.

ఒక్క రాయి, ఒక్క చెరువు చాలు

థీసిస్ మొత్తం చెప్పాలని చూడకండి. ఆరు అధ్యాయాల్లోంచి, వినేవాళ్లు లేచి నాలుగడుగులేస్తే చేత్తో ముట్టుకోగలిగేది ఒకటి తీయండి. శాసనం, చెరువు తూము, పాడుబడ్డ గడీ, ఇంట్లో ఉన్న పాత పహాణీ కాగితం, ఏదైనా సరే.

నల్లగొండ పక్కనున్న పానగల్‌నే తీసుకోండి. ఛాయా సోమేశ్వరాలయానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నీడ కోసమే వస్తారు. మూడు గర్భగుళ్లున్న గుడి అది, ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా జరగకుండా నిలబడి ఉంటుంది. చరిత్ర చదువుకున్నవాళ్లకి ఈ నీడ సంగతి ఎత్తితేనే కొంచెం చిరాకు, "అసలు విషయం అది కాదండీ" అని అప్పట్లో అక్కడ ఏలిన కందూరు చోడ రాజుల దగ్గరికి దూకేస్తారు. అట్లా దూకొద్దు. జనం నిలబడ్డది ఆ నీడ ముందే కాబట్టి అక్కడే అడగండి, ఎండ జరుగుతుంటే నీడ ఎందుకు జరగట్లేదని. తలా ఒక సమాధానం చెప్తారు, చెప్పనివ్వండి. ఎండ నేరుగా లోపలికి పడట్లేదు, స్తంభాల సందుల్లోంచి చెదిరిన వెలుతురు వస్తోంది అని పిల్లల్లోనే ఎవరో ఒకరు పట్టుకుంటారు, లేకపోతే మీరు అందించండి. ఆ లెక్క తెలిసి రాళ్లు నిలబెట్టినవాళ్లు ఎవరు అన్న ప్రశ్న అప్పుడు వాళ్ల నోటి నుంచే వస్తుంది. అక్కడి నుంచి కందూరు చోడుల దగ్గరికి వెళ్లండి, ఆ తర్వాత పక్కనే ఉన్న ఉదయ సముద్రం కట్ట మీదికి నడిపించండి. ఆ కాలం చెరువు ఇప్పుడు రిజర్వాయర్, నల్లగొండ టౌన్‌లో తాగే నీళ్లకి అదే ఆసరా. పొద్దున కుళాయి పట్టిన మనిషికి చోడరాజు ఎవరో చెప్పడానికి ఇంతకంటే మంచి దారి నాకైతే కనపడలేదు.

శాసనం దగ్గర ఏం చేయాలి

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని సరిగ్గా చేస్తే ఒక్క సాయంత్రంలో ఊరంతా మీ వైపు తిరుగుతుంది.

పగలు మిట్టమధ్యాహ్నం శాసనం చూపించొద్దు. వెలుతురు నిటారుగా పడితే అరిగిన అక్షరం అస్సలు కనపడదు. చీకటి పడ్డాక రమ్మనండి, పనులకు పోయినవాళ్లు కూడా అప్పటికే ఇల్లు చేరుకుంటారు. మంచి టార్చిలైటు ఒకటి తీసుకుని రాతికి ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాదాపు రాయికి ఆనించినట్టు పట్టండి. అప్పటిదాకా ఉత్త బండలా ఉన్నదాంట్లోంచి గీతలన్నీ ఒక్కసారి లేచి కనిపిస్తాయి. ఆ క్షణంలో ఎవరో ఒకరు "అరె" అంటారు. టార్చి ఊరి పిల్లోడి చేతికే ఇవ్వండి, మీరు పట్టుకోకండి.

అక్షరాలు కనపడాలని సుద్దముక్క రుద్దడం, పిండి చల్లడం, నూనె రాయడం, పెయింట్ వేయడం, వీటిలో ఏదీ చేయొద్దు, ఎవరినీ చేయనివ్వొద్దు. మామూలు నీళ్లు, మెత్తటి బ్రష్, అంతవరకే. ఊళ్లో గుడి రంగులేసేటప్పుడు శాసనానికీ ఎనామిల్ కొట్టేసిన చోట్లు మీరూ చూసే ఉంటారు, అది భక్తితో చేసిన పనే, కానీ లోపలి అక్షరం పోయాక ఏం చేసినా రాదు. ఎందుకు వద్దో ఆ టార్చి వెలుతురులోనే చూపించి చెప్తే వాళ్లకి గుర్తుంటుంది.

"స్వస్తి శ్రీ" అన్నది చాలా శాసనాలకి మొదటి మాట. దాన్ని వెతకమనండి. కాకతీయుల కాలం లిపిలో కొన్ని అక్షరాలు ఇప్పటి తెలుగు వచ్చినవాళ్లకి కాస్త చూపు పెడితే దొరికేస్తాయి, ఒక్క అక్షరం సొంతంగా చదివిన మనిషి ఆ రాయిని మళ్లీ మరిచిపోడు. తర్వాత శక సంవత్సరం. 78 కలపమని చెప్పండి, శక 1130 అంటే 1208 అని వాళ్లే లెక్క కడతారు. "ఐదు వేల ఏళ్లు" అన్న మాట మీరు ఖండించకుండానే అక్కడ పడిపోతుంది. పైన చెక్కిన సూర్యచంద్రులు ఎందుకంటే, ఆ దానం సూర్యచంద్రులున్నంత కాలం నిలవాలని. ఇచ్చిన భూమి ఎంత, చెరువు వెనకనా ముందా, ఎన్ని మర్తురులు (పాత భూమి కొలత), దీపానికి నూనె ఎవరు పోయాలి, అన్నీ అందులో ఉంటాయి. ఆఖర్లో ఆ భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని శాపం ఉంటే దాన్ని వదలకుండా చదవండి. దేవుడి మాన్యాలు కబ్జా అయిన ఊళ్లో ఆ వాక్యానికి నవ్వు మామూలుగా రాదు, కొందరి మొహాలు కొందరు చూసుకుంటారు కూడా.

అనుమతి ఉంటే స్టాంపేజీ తీసి చూపించండి. కడిగిన రాతి మీద తడిపిన కాగితం పరిచి, గట్టి బ్రష్‌తో కొడుతూ పోతే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది, కాస్త ఆరాక సిరా అద్దిన మెత్తతో తట్టుతూ పోతే నల్లటి కాగితం మీద తెల్ల అక్షరాలు ఒక్కొక్కటే తేలతాయి. ఇది చూడటానికి పిల్లలు ఎంతసేపైనా నిలబడతారు. రక్షిత కట్టడమైతే మాత్రం కాగితం తాకించడానికి ముందే సంబంధిత శాఖ పర్మిషన్ కావాలి. అలంపురం నవబ్రహ్మ ఆలయాల్లాంటివి కేంద్రం కింద ఉంటాయి, చాలా గుళ్లు రాష్ట్ర వారసత్వ శాఖ కింద ఉంటాయి, ముందున్న బోర్డు చూసి ఎవరికి లెటర్ పెట్టాలో తేల్చుకోండి.

మీరు చూస్తుండగానే ఒక అవ్వ వచ్చి "ఏం బిడ్డా, గీ రాయిల ఏమున్నదని గింతసేపు సూస్తున్రు, లంకెబిందెలా?" అని అడుగుతుంది. నవ్వుతూనే అడుగుతుంది. ఆ ప్రశ్నని తేలిగ్గా తీసుకోవద్దు, దాని గురించి కింద రాశా.

నమ్మకం ఎదురైతే

నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డున ఉన్న నిలువు రాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆచార్యులు కె.పి. రావు చాలా ఏళ్లు అక్కడ పనిచేసి, ఆ రాళ్ల వరసలకీ సూర్యుడి గమనానికీ ఉన్న సంబంధం, ఒక రాతి మీద గుంటలుగా చెక్కిన సప్తర్షి మండలం బయటపెట్టారు. ఊరివాళ్లకు మాత్రం అందులో ఒక రాయి నిలురాళ్ల తిమ్మప్ప. పూజ చేసుకుంటారు. ఇప్పుడు మీరు పోయి "ఇది దేవుడు కాదు, బృహత్ శిలాయుగం" అని మొదలుపెడితే మీ మాట అక్కడితో ఆగిపోతుంది, ఆగిపోవాలి కూడా. వేల ఏళ్ల నాటి రాళ్లు పొలాల మధ్యన ఇంకా కొన్నైనా నిలబడి ఉన్నాయంటే దాంట్లో తిమ్మప్ప వాటా ఉంది. ఆ మాట ముందు చెప్పండి. ఆ తర్వాత పొద్దు పొడిచేటప్పుడు అక్కడ నిలబెట్టి, రాయి నీడ ఏ రాయి వైపు పడుతుందో చూడమనండి.

బుద్ధుడి బొమ్మో జైన తీర్థంకరుడి బొమ్మో ఊళ్లో వేరే పేరుతో పూజలందుకుంటున్న చోట్లు మన జిల్లాల్లో తక్కువేం కాదు. అక్కడా ఇదే పద్ధతి. కాకపోతే ఎలక్షన్ల ముందు, ఊళ్లో ఏదైనా గొడవ నడుస్తున్నప్పుడు గుడి, దర్గా, మసీదు చరిత్రల మీద మీటింగ్ పెట్టకండి, మీరన్న మాటలో సగం కట్ చేసి రీల్ చేసేవాళ్లు రెడీగా ఉంటారు. పిరికితనం అనుకుంటే అనుకోండి, ఆరు నెలలాగితే ఆ శాసనం ఎక్కడికీ పోదు.

లంకెబిందెల సంగతి

అవ్వ అడిగిన ప్రశ్నకి వస్తున్నా. మన దగ్గర చరిత్ర గురించి పబ్లిక్‌గా మాట్లాడటంలో ఉన్న అసలు ప్రమాదం ఇదే, ఏ మెథడాలజీ క్లాసులోనూ చెప్పరు. మీరు ఫలానా గుట్ట మీద పాత గుడి ఉందని ఫొటోతో సహా పెడతారు, నెల తిరక్కుండా అక్కడ నంది కింద గొయ్యి, నిమ్మకాయలు, కుంకుమ. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్లు మన పోస్టులు మన స్టూడెంట్లకంటే శ్రద్ధగా చదువుతారు.

అందుకని కాపలా లేని చోటు గురించి రాసేటప్పుడు ఊరి పేరు దగ్గరే ఆగండి. గుట్ట పేరు, దారి, మ్యాప్ పిన్ వద్దు. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆఫ్ చేసి ఫొటో తీయండి. విడిగా పడి ఉన్న విగ్రహాల ఫొటోలు బయట పెట్టేముందు వారసత్వ శాఖకి, ఊరి సర్పంచ్‌కి తెలియజేయండి. హెడ్డింగ్‌లో "నిధి" అనే మాట ఏ అర్థంలోనూ వాడొద్దు, "చారిత్రక నిధి" అని కూడా. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ క్షేత్రం తవ్వకాల్లో ఒక కుండలో 3,730 ఇక్ష్వాకుల కాలం నాణేలు దొరికాయి. అట్లాంటి సంగతి మీరు చెప్పాల్సి వస్తే "అవన్నీ సీసం నాణేలు" అన్నది మొదటి వాక్యంలోనే చెప్పండి. నాణేలు అనగానే వినేవాళ్ల మనసులో బంగారం మెరుస్తుంది. తర్వాత అంత తక్కువ విలువ లోహంతో ఎందుకు నాణేలు కొట్టారన్న ప్రశ్నకి వెళ్తే అదే మంచి చరిత్ర పాఠం.

1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది, భూమిలో పది రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టర్‌కి చెప్పాలి. ఇది కూడా మీటింగ్‌లో ఒక్క మాట చెప్పండి, బెదిరించినట్టు కాకుండా. దున్నుతుంటే విగ్రహం బయటపడ్డ రైతుకి తన పొలం పోతుందన్న భయమే ఎక్కువ, ఆ భయంతోనే చాలా వస్తువులు మళ్లీ మట్టిలోకి పోతాయి.

సాయుధ పోరాటం, భూమి, ఇంకా బతికున్న గొడవలు

నల్లగొండలో చరిత్ర అంటే చాలామందికి 1946 నుంచి 1951 దాకా జరిగిన తెలంగాణ సాయుధ పోరాటమే. కడవెండి అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉండేది, 1946 జులై 4న అక్కడ ఆ పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమరయ్య చనిపోయిన రోజు నుంచి లెక్కపెట్టినా అప్పుడు పదేళ్ల పిల్లలు ఇప్పుడు తొంభైకి దగ్గర పడ్డారు. మీకు దొరికేది ఎక్కువగా కొడుకులు, కోడళ్లు, మనవళ్లు. కాబట్టి వాళ్ల మాట పదిమందికి వినిపించేటప్పుడు ఇది చూసిన మాట, ఇది విన్న మాట అని విడదీసి చెప్పండి. అట్లా చెప్తే విలువ తగ్గదు, జనానికి ఆ తేడా బాగా తెలుసు, పంచాయితీల్లో వాళ్లు అడిగేదీ అదే కదా, "నువ్వు సూసినవా, ఇన్నవా?"

రికార్డింగ్‌కి ఒప్పుకోవడం వేరు, దాన్ని పదిమందికి వినిపించడానికి ఒప్పుకోవడం వేరు. రెండూ విడివిడిగా అడగండి, రెండో సారి అడిగేటప్పుడు ఇంట్లో చిన్నవాళ్లు కూడా ఉండేలా చూసుకోండి. తాత ధైర్యంగా పేర్లన్నీ చెప్పేస్తాడు. ఎవరు పోలీసులకి ఆచూకీ ఇచ్చారు, ఎవరి వడ్లు ఎవరు పంచారు అని. ఆ పేర్లవాళ్ల మనవలు అదే వాడకట్టులో, పక్కింట్లోనే ఉంటారు. దొరల వైపువాళ్లూ, సంగంలో పనిచేసినవాళ్లూ, రజాకార్ల చేతుల్లో నష్టపోయినవాళ్లూ, పోలీసు చర్య తర్వాత నష్టపోయిన ముస్లిం కుటుంబాలూ, అందరి పిల్లలూ ఆ మీటింగ్‌లో ఒకే బల్ల మీద కూర్చుని ఉంటారు. ఊళ్లో చెప్పేటప్పుడు సంఘటన చెప్పండి, పేర్లు థీసిస్‌లో ఉండనివ్వండి. ఎట్లా వినాలో, విన్నదాన్ని వాళ్ల మాటల్లోనే ఎట్లా పెట్టాలో చూడాలంటే స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన మనకు తెలియని మన చరిత్ర చదవండి, పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ల గొంతులు అవి, మధ్యలో పండితుల గోల తక్కువ.

భూమి కాగితాలు ఇంకా కష్టం. సేత్వార్ (పాత భూసర్వే రిజిస్టర్), 1954–55 నాటి ఖాస్రా పహాణీ, ఇవి చరిత్రకారుడికి బంగారం లాంటివి, ఎవరి పేరు మీద ఏముందో, ఏ కులం చేతిలో ఎంతుందో తెలుస్తుంది. అట్లాగని వాటిని ఊరి ముందు చదివారా, వెనక వరసలోంచి ఒకాయన లేచి "సారూ, గా సర్వే నంబర్ ఎవ్వరిదో జరంత సూసి చెప్పు" అంటాడు. అంతే, మీటింగ్ అయిపోయినట్టే. "అన్నా, హక్కులు తేల్చేది నేను కాదు, దానికి తహశీల్దార్ ఆఫీసు ఉంది, కోర్టు ఉంది" అని నిలకడగా చెప్పి కాగితం మూసేయండి. మొత్తం ఊరి లెక్కలు చెప్పండి, ఒక్కో ఇంటివి వద్దు. పహాణీ ఫొటో తీసి పేర్లు కనపడేలా గ్రూపుల్లో పెట్టడం అస్సలు వద్దు.

పాలమూరులో ఇంకో పద్ధతి

శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికి నంబరేసి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. మనుషుల ఊళ్లకి అట్లాంటి నంబర్లు ఎవరూ వేయలేదు. కృష్ణ ఒడ్డున కొల్లాపూర్, అలంపురం వైపు మునిగిన ఊళ్ల పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గరికి ప్రశ్నల కాగితం పట్టుకుని పోతే రెండు మూడు మాటలతో సరిపెడతారు. దాని బదులు ఖాళీ జాగా చూసి, చేతికి ముగ్గుపిండి ఇచ్చి, పాత ఊరు గీయమనండి. చావడి ఎక్కడ, బొడ్రాయి ఎక్కడ, ఎవరి ఇల్లు ఎవరి పక్కన, మాలవాడ, మాదిగవాడ ఎటువైపు, నీళ్లకి ఎవరు ఏ దారిన పోయేవాళ్లు. ఒకరు గీస్తుంటే ఇంకొకరు వచ్చి "అట్ల కాదే, గా చింతచెట్టు గీ పక్కకుండె" అని చెరిపి గీస్తారు, మీకు కావలసిన చరిత్రంతా ఆ కొట్లాటలోనే ఉంటుంది. పైనుంచి ఫొటో తీసుకోండి, మాటలు రికార్డు చేయండి, తర్వాత దాన్ని శుభ్రంగా గీయించి ఫ్రేమ్ కట్టించి పునరావాస కాలనీ స్కూల్లో పెట్టండి. పరిశోధన, పంచడం రెండూ ఒకేసారి అయిపోతాయి ఇందులో.

వలసల మీద పనిచేస్తున్నవాళ్లకి ఒక మాట, వినాల్సినవాళ్లు ఊళ్లో ఉండరు. దసరాకో పీర్ల పండక్కో వస్తారు, అప్పుడే పెట్టుకోండి. మిగతా రోజుల్లో వాళ్లకి చేరేది ఫోనే. ఐదారు నిమిషాల ఆడియో, వాళ్ల యాసలోనే, కూలీల్ని పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీల గురించో, డ్యాముల దగ్గర గుడిసెల బతుకు గురించో చేసి వాట్సాప్‌లో వదిలితే పుణెలో సైటు మీద పనిచేస్తూ వింటారు. పీడీఎఫ్ పంపితే ఎవరూ తెరవరు.

ఇంకోటి, పండుగ సాయన్న లాంటి వీరుల కథలు మనకంటే ముందు కిన్నెర వాయించేవాళ్లు కాపాడారు. 2022లో దర్శనం మొగులయ్యకి పద్మశ్రీ వచ్చాక అందరూ కిన్నెర అంటున్నారు, మంచిదే. కళాకారుల్ని మీ కార్యక్రమానికి పిలిస్తే దారి ఖర్చులతో పాటు పారితోషికం ముందే మాట్లాడి, అదే రోజు చేతిలో పెట్టండి. ప్రొఫెసర్‌కి టీఏ, డీఏ, కళాకారుడికి శాలువా అనే పద్ధతి మానాలి.

పేపర్, వీడియో, వికీపీడియా

విలేకరులతో పేచీ పెట్టుకోకండి, వాళ్లకి జిల్లా పేజీలో దొరికేది అరచేతంత జాగా, సాయంత్రానికల్లా వార్త పంపాలి. మీరు నోటితో చెప్తే "వెలుగులోకి వెయ్యేళ్ల నాటి అద్భుత శాసనం" అని వస్తుంది, ఆ తప్పు వాళ్లొక్కళ్లదే అనలేం. ఏం దొరికింది, ఏ ఊళ్లో, కాలం ఎట్లా చెప్తున్నారు, ఇంతకుముందు ఎవరైనా గుర్తించారా, ఈ నాలుగూ చిన్న పేరాలో టైప్ చేసి, ఫొటోకి క్యాప్షన్ రాసి పంపండి. తొందరలో ఉన్న మనిషి మీ వాక్యాన్నే వేసేస్తాడు.

"కొత్తగా దొరికింది" అనేముందు మాత్రం వెతకండి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి సంపాదకత్వంలో పురావస్తు శాఖ వేసిన నల్లగొండ జిల్లా శాసనాల సంపుటాలు, 1935లో లక్ష్మణరాయ పరిశోధక మండలి తెచ్చిన తెలంగాణా శాసనములు, వీటినీ, బి.ఎన్. శాస్త్రి పుస్తకాల్నీ తిరగేయకుండా ప్రెస్ ముందుకు పోతే వాళ్లు ఎప్పుడో అచ్చేసిన శాసనాన్ని మళ్లీ "కనిపెట్టే" అవకాశం చాలా ఎక్కువ. ఇది రోజూ జరుగుతూనే ఉంది.

వీడియోలకి పెద్ద కెమెరా అక్కర్లేదు, కాలర్ మైక్ కావాలి. గాలి హోరులో మీ మాట వినపడకపోతే ఎంత మంచి గుడి చూపించినా దండగ. తెలుగు వికీపీడియాలో ఎక్కడా అచ్చుకాని మీ సొంత పరిశోధన పెట్టకూడదు, తీసేస్తారు, ముందు ఏదైనా పత్రికలో వ్యాసంగా రానిచ్చి ఆ ఆధారంతో మీ ఊరి పేజీకి నాలుగు వాక్యాలు కలపండి. ఫొటోలు వికీమీడియా కామన్స్‌లోకి (ఎవరైనా వాడుకోగల ఫొటోల సైటు) ఎక్కిస్తే రేపు స్కూల్ టీచర్ ఎవరైనా భయం లేకుండా వాడుకుంటారు. జర్నల్లో వచ్చిన వ్యాసాన్ని మక్కీకి మక్కీ పెట్టొద్దు, హక్కులు వాళ్ల దగ్గర ఉండొచ్చు. తెలుగులో మళ్లీ మీరే రాసుకోండి, ఎట్లాగూ రాయాల్సిందే, ఆ ఇంగ్లీషు వ్యాసాన్ని అనువదిస్తే మీకే అర్థం కాదు.

డబ్బు, సెలవు, లెటర్లు

దీనికి ప్రమోషన్‌లో ఏమొస్తుందని అడుగుతారు. ఎక్కువేం రాదు. కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ వచ్చినప్పుడు ఎక్స్‌టెన్షన్ కింద చూపించుకోవచ్చు కాబట్టి ప్రిన్సిపాల్ అడ్డు చెప్పడు, తేదీలతో ఫొటోలు, హాజరు షీటు దాచిపెట్టుకోండి. ఎన్‌ఎస్‌ఎస్ స్పెషల్ క్యాంప్ ఎట్లాగూ ఏదో ఒక ఊళ్లో వారం పెడతారు, ప్రోగ్రాం ఆఫీసర్‌ని పట్టుకుని మీ థీసిస్‌లో ఉన్న ఊరికే పెట్టించండి. తిండి, వసతి, మనుషులు అన్నీ దొరుకుతాయి, పిల్లలు పగలు గుడి చుట్టూ కంప చెట్లు కొడతారు, రాత్రికి మీరు టార్చి పట్టిస్తారు.

ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం అని అందరూ ఆ రోజే పెడతారు, నల్లగొండ ఎండలో ఆ రోజు రాతి మీద చెయ్యి పెట్టలేం. పెట్టాలనుకుంటే పొద్దున ఆరున్నరకల్లా మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి ముగించండి. నవంబర్ 19 నుంచి 25 దాకా వారసత్వ వారోత్సవాలు మేలు, చల్లగా ఉంటుంది. కాకపోతే పత్తి ఏరే రోజులు, వరి కోతలు, ఊరి జనానికి తీరిక దొరికేది చీకటి పడ్డాకే. పర్మిషన్ లెటర్ సెప్టెంబర్‌లోనే పెట్టండి, దాని కాపీ పంచాయతీ సెక్రటరీకి, లోకల్ పోలీస్ స్టేషన్‌కి కూడా ఇవ్వండి. రాత్రిపూట రాళ్ల దగ్గర టార్చిలైట్లు వేసుకుని తిరిగే గుంపుని చూసి పక్క ఊరివాళ్లు ఏమనుకుంటారో మీకు వేరే చెప్పక్కర్లేదు.